మౌనం అర్ధాంగీకారం అయితే, మిగతా సగం ఏది?

మొన్న మా తమ్ముడొకడు ఫోన్ చేశాడు. పీజీ చదువుతున్నాడు. ఏదో సంస్థలో రెండు నెలలు ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాడు. చివర్లో వాళ్లిచ్చిన కాగితంలో వీడి గురించి ఒక లైను ఉందట. పని బాగా చేస్తాడు, కానీ రెటిసెంట్ అని. "అన్నా, ఇది మెచ్చుకోలా, తిట్టా?" అని అడిగాడు.

వెంటనే చెప్పలేకపోయాను. ఆ మాట నాకు కొత్త కాదు. మన గూడేల గురించి బయటివాళ్లు ఇంగ్లీషులో రాసిన రిపోర్టులు నాలుగు తిరగేస్తే ఎక్కడో ఒకచోట అది తగులుతుంది. ఇక్కడి ట్రైబల్స్ రెటిసెంట్, అంటే మాట్లాడరు, బిడియస్తులు, లోపల ఏముందో చెప్పరు. రాసినవాళ్లకి మన మీద కోపమేమీ ఉండదు. కొందరు జాలితోనే రాస్తారు. కానీ ఆ ఒక్క మాట మన భూమికి, మన అడవికి ఎంత నష్టం చేసిందో తమ్ముడికి ఫోన్లో చెప్పే టైం లేక ఇక్కడ రాస్తున్నా.

ముందు మాట సంగతి చూద్దాం. లాటిన్‌లో టాకెరే అంటే మౌనంగా ఉండటం. ఆ వేరు నుంచే రెటిసెంట్ వచ్చింది. అసలు అర్థం ఏమిటంటే, మనసులో ఉన్నదాన్ని బయటపెట్టకుండా ఆపుకునే మనిషి. జాగ్రత్తగా చూడండి, ఇందులో చేతకానితనం లేదు. చెప్పడానికి ఏమీ లేనివాడు రెటిసెంట్ కాడు. చెప్పాల్సింది ఉంది, చెప్పడం వచ్చు, కానీ ఇక్కడ, ఈ మనిషి ముందు, ఇప్పుడు చెప్పను అనుకున్నవాడే రెటిసెంట్. అంటే అది ఒక నిర్ణయం. మన గురించి రాసేటప్పుడు మాత్రం ఆ నిర్ణయం సంగతి ఎగిరిపోయి, బిడియం ఒక్కటే మిగులుతుంది. మాట్లాడటం రానివాళ్లం అయిపోతాం.

అదే వేరు నుంచి వచ్చిన ఇంకో మాట టాసిట్. నోటితో అనకపోయినా అన్నట్టే లెక్క అని దాని అర్థం. టాసిట్ కన్సెంట్ అంటే మౌనంగా ఉన్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే అని. రెండూ ఒక తల్లి పిల్లలే, రెండూ మౌనం గురించే. కానీ ఆఫీసుల్లో వీటి డ్యూటీలు వేరు. మనకు ఏదైనా ఇవ్వాల్సి వచ్చినప్పుడు రెటిసెంట్ వస్తుంది: వాళ్లు అడగలేదు, ముందుకు రాలేదు, బిడియస్తులు, అందుకే పథకం చేరలేదు. మన దగ్గర్నుంచి ఏదైనా తీసుకోవాల్సి వచ్చినప్పుడు టాసిట్ వస్తుంది: వాళ్లు కాదనలేదు, కాబట్టి సరే అన్నట్టే. అదే మనిషి, అదే నోరు, అదే మౌనం. ఇచ్చేటప్పుడు ఒక అర్థం, గుంజుకునేటప్పుడు ఇంకో అర్థం.

మా గూడెంలో జరిగింది చెప్తా. ఊరు పేరు, ఆఫీసు పేరు వద్దు. ఇలాంటిది మీ ఊర్లో కూడా జరిగే ఉంటుంది, పేరు మీరే పెట్టుకోండి.

గ్రామసభ అన్నారు. పొద్దున పదికి అని డప్పు వేయించి, సార్లు ఒంటిగంటకి వచ్చారు. ఎండాకాలం, తునికాకు రోజులు, సగం మంది అడవిలో ఉన్నారు. ఒక సారు కాగితం తీసి తెలుగులో చదివాడు. అందులో భూసేకరణ, ప్రజాప్రయోజనం, నిరభ్యంతరం లాంటి మాటలున్నాయి. మా పెద్దవాళ్లకి సంత తెలుగు వచ్చు, ఈ కాగితం తెలుగు రాదు. చదవడం అయ్యాక ఆయన తల ఎత్తి "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఒక నిమిషం కూడా ఆగలేదు. రిజిస్టర్‌లో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసేసి వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు కోసం అన్నారు.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. సాయంత్రం పెదనాన్నని అడిగా, ఎందుకు మాట్లాడలేదు అని. ఆయన నావైపు వింతగా చూశాడు. "ఇంకా మేం మాట్లాడుకోలేదు కదరా. పటేల్ ఊర్లో లేడు. ఆడోళ్లు అడవిలో ఉన్నారు. మాలో మేం అనుకోకుండా ఆయనకి ఏం చెప్తాం?" అన్నాడు.

మా దగ్గర ఒక విషయం ముందు పెట్టాక వెంటనే బదులు చెప్పడం తేలికతనం. కాసేపు ఊరుకుంటారు. రాత్రి ఇళ్ల దగ్గర అనుకుంటారు. మర్నాడు మళ్లీ కూర్చుంటారు. ఆ ఊరుకోవడం అంటే పని నడుస్తోందని. రిజిస్టర్ పట్టుకొచ్చిన సారుకి అది పని అయిపోయినట్టు కనిపించింది.

తెలుగులో ఒక సామెత ఉంది, మౌనం అర్ధాంగీకారం అని. ఆ సారుని అడిగితే ఈ సామెతే చెప్పేవాడేమో. మనవాళ్లు కూడా చాలామంది దీన్ని ఒత్తు థ పెట్టి అర్థాంగీకారం అని రాస్తారు, మౌనానికి అర్థం అంగీకారమే అన్నట్టు. కాదు. అర్ధం అంటే సగం. ఈ సామెత పుట్టించినవాళ్లు కూడా మౌనంలో సగం ఒప్పుకోలే చూశారు. మరి ఆ మిగతా సగం ఏ రిజిస్టర్‌లో ఉంది? ఏ మినిట్స్‌లో రాశారు? సగం ఒప్పుకున్నవాళ్ల దగ్గర సగం ఎకరమైనా వదిలారా?

సరే, సామెతలు వదిలేద్దాం, కోర్టు మాటే మాట్లాడదాం. లా చదివిన తమ్ముళ్లకి ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ కేసు తెలిసే ఉంటుంది. 1862, ఇంగ్లండ్. ఒక మేనమామో బాబాయో, అంకుల్ అంటే అక్కడ ఇద్దరూ ఒకటే, తన అన్నకొడుకో మేనల్లుడో అయిన కుర్రాడి గుర్రాన్ని కొనాలనుకున్నాడు. ఉత్తరం రాశాడు: నీ నుంచి కబురు రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను, ధర ఇంత. కుర్రాడు బదులు రాయలేదు. నిజానికి అతనికి అమ్మాలనే ఉంది. అయినా కోర్టు ఏమందంటే, నువ్వు ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అని అవతలివాడి మీద షరతు రుద్దడానికి నీకు హక్కు లేదు, మౌనం అంగీకారం కాదు అని. ఈ కేసుని మన దేశంలో లా కాలేజీల్లో ఇప్పటికీ కాంట్రాక్ట్ చట్టం మొదటి పాఠాల్లోనే చెప్తారు. ఒక్క గుర్రం విషయంలో ఉన్న పాటి న్యాయం ఒక ఊరి విషయంలో ఉండదా అని అడుగుతున్నా. గుర్రం యజమాని మౌనంగా ఉంటే బేరం కుదరలేదని లెక్క. కొండ మీద మూడు తరాలుగా ఉన్నవాళ్లు మౌనంగా ఉంటే బేరం కుదిరిపోయిందని లెక్క.

అదే ఇంగ్లండ్‌లో అంతకు మూడొందల ఏళ్ల ముందు, 1535లో, థామస్ మోర్ అనే పెద్దమనిషి మీద రాజద్రోహం కేసు నడిచింది. చర్చికి రాజే అధిపతి అని ఒప్పుకోమంటే ఆయన అవుననలేదు, కాదనలేదు, ఊరుకున్నాడు. విచారణలో ఆయన, మౌనం అంగీకారం అని మీ న్యాయసూత్రమే కదా, నా మౌనాన్ని కూడా అలాగే తీసుకోండి అని వాదించాడు. ఒప్పుకోలేదు. తల తీయించారు. రాజుకి కావలసిన అర్థమే మౌనానికి కూడా అంటుకుంటుంది. ఈ కథ చదివినప్పుడు నాకు మా ఊరి రిజిస్టరే గుర్తొచ్చింది.

మన రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం నేరం మోపబడ్డ మనిషి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరూ బలవంతం చేయకూడదు. అతను నోరు విప్పకపోతే నేరం ఒప్పుకున్నట్టు కాదు. దొంగతనం కేసులో దొరికినవాడి మౌనానికి ఈ దేశంలో రక్షణ ఉంది. పోడు చేసుకునే ముసలాయన మౌనానికి లేదు.

ఇంకొక సంగతి. ఇంగ్లీషువాళ్లే ఈ మధ్య రెటిసెంట్ అనే మాటని వేరేగా వాడుతున్నారు. ఇష్టంలేని, వెనకాడుతున్న అనే అర్థంలో. భాషా పండితులు కొందరు ఇది తప్పు వాడకం అని గోల చేస్తారు, దానికి రిలక్టెంట్ అనే మాట వేరే ఉంది కదా అని. అయినా వాడుక ఆగలేదు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు దాన్ని మూడో అర్థంగా ఎక్కించింది కూడా. పండితుల గొడవ మనకెందుకు గానీ, నాకైతే ఈ "తప్పు" అర్థమే మన విషయంలో ఒప్పుగా కనిపిస్తోంది. మా ఊరివాళ్లు ఆ రోజు బిడియంతో ఊరుకోలేదు. ఇష్టం లేక ఊరుకున్నారు. అలాంటప్పుడు ఒకే ఫైల్లో ముందు పేజీలో ఇక్కడి జనం రెటిసెంట్ అని రాసి, వెనక పేజీలో ఇక్కడి జనం కన్సెంట్ ఇచ్చారని ఎలా రాస్తారు? ఇష్టంలేనివాళ్లు ఒప్పుకున్నారని రాసినట్టే కదా అది. ఇకమీదట ఎవరైనా మనల్ని రెటిసెంట్ అంటే, నిఘంటువు తెరిచి మూడో అర్థం చూపించండి.

అసలు మనవాళ్లు మాట్లాడరు అనే మాటకి, మనవాళ్లని మాట్లాడనివ్వలేదు అనే మాటకి మధ్య ఎంత దూరం ఉందో చూడండి. మాట్లాడరు అంటే అది మన స్వభావం. మాట్లాడనివ్వలేదు అనగానే, ఎవరు నివ్వలేదు అనే ప్రశ్న లేస్తుంది. రిపోర్టుల్లో మొదటిదే రాస్తారు, రెండోదానికి ఒక మనిషి పేరో ఆఫీసు పేరో చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

ఇంద్రవెల్లినే తీసుకోండి. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభకి గోండులు మాట్లాడటానికే వచ్చారు. భూముల గురించి, వడ్డీవ్యాపారుల గురించి, ఫారెస్టోళ్ల గురించి. సభకి అనుమతి లేదన్నారు. కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది, ఊళ్లలో చెప్పే లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఏప్రిల్ 20 వస్తే ఆ స్తూపం దగ్గరికి పోవడానికి కూడా ఆంక్షలే. పోయినవాళ్ల కోసం ఏడవడానికి కూడా నలుగురు ఒకచోట చేరకూడదన్నమాట. ఇంత చేసి, ఆ తర్వాత ఎప్పుడో ఒక సర్వే టీం ఆ ఊళ్లకి వచ్చి, జనం అంతగా నోరు విప్పడం లేదు అని రాసుకుంటే అది ఎవరి స్వభావం గురించిన సమాచారం?

బిడియం సంగతి ప్రభుత్వ కాగితాల్లో పాతదే. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డ్ తెగల్ని గుర్తించడానికి ఐదు లక్షణాలు చెప్పింది. అందులో ఒకటి బయటి సమాజంతో కలవడానికి బిడియం. ఇప్పటికీ ఆ కొలబద్దలే నడుస్తున్నాయి. అంటే మనం ఎస్టీలుగా ఉండాలంటే బిడియపడుతూ ఉండాలి. యూనివర్సిటీలో మైకు పట్టుకుని గట్టిగా మాట్లాడిన మన అమ్మాయిని "నువ్వు ట్రైబల్‌లా లేవే" అంటారు. మాట్లాడకపోతే రెటిసెంట్, మాట్లాడితే అసలు ట్రైబల్ కాదు, ఇంకొంచెం గట్టిగా మాట్లాడితే వెనకాల ఎవరో ఉన్నారు. మూడు డబ్బాలు ముందే గీసి పెట్టుకున్నారు, మనం ఏ డబ్బాలో నిలబడినా వాళ్లకి ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పాలి. మన ఏజెన్సీలో చిన్నపిల్లకి కూడా తెలిసిన చట్టం, 1/70. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించినప్పుడు అందులో ఒక మాట పెట్టారు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది ఆ భూమి పట్టుకున్నవాడే. దీని మీద గిరిజనేతరులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఆలోచించండి, ఈ సెక్షన్ మన మౌనం గురించే. భూమి పోగొట్టుకున్నవాడి దగ్గర కాగితం లేదు, సాక్షి లేడు, కోర్టుకి వచ్చి చెప్పే నోరు లేకుండా చేశారు. ఆ మౌనాన్ని చట్టం ఒప్పుకోలుగా చదవలేదు, అన్యాయం జరిగి ఉంటుందని చదివింది. 2004లో ఒడిశా భూమికి సంబంధించిన అమరేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో కూడా సుప్రీంకోర్టు ఈ దారిలోనే నడిచింది. ఇన్నేళ్లు నా స్వాధీనంలో ఉంది, ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి నాదే అనే వాదన గిరిజనుల భూమి మీద చెల్లదంది. మౌనాన్ని సరిగ్గా చదవడం ఈ దేశానికి రాక కాదు. ఇష్టం లేక. రెటిసెంట్ అనే మాట వాళ్లకే సరిపోతుందేమో, మూడో అర్థంలో.

పీసా చట్టం, 1996 మాత్రం ఒక చిక్కు పెట్టింది. భూసేకరణకి ముందు గ్రామసభని సంప్రదించాలి అంది. సంప్రదించడం అంటే అడగడం. అడిగాం, వాళ్లు ఏమీ అనలేదు, అంతే, సంప్రదింపు పూర్తి. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్‌లో షెడ్యూల్డ్ ప్రాంతాలకి ముందస్తు అంగీకారం అనే మాట వచ్చింది. అంగీకారం ఇవ్వాలంటే ఒకరు ఇవ్వాలి. ఊరుకున్నవాడు ఏమీ ఇవ్వలేదు. ఈ రెండు మాటల తేడా మీ ఊరి సెక్రటరీకి తెలియకపోవచ్చు, మీకు తెలిసి ఉండాలి.

నియమగిరి సంగతి అందరికీ తెలిసిందే, అయినా మౌనం వైపు నుంచి ఒకసారి చూడండి. డోంగ్రియా కొంధుల గురించి అంతకు ముందు ఎన్నో రాశారు, కొండ దిగిరారు, బయటివాళ్లతో మాట్లాడరు అని. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వకం గురించి పల్లిసభలే తేల్చాలంది. ఏ ఊళ్లలో పెట్టాలో ఒడిశా ప్రభుత్వమే ఎంచింది, వందకు పైగా ఊళ్లుంటే పన్నెండే ఎంచింది. జులైలో మొదలై ఆగస్టులో అయ్యాయి. జిల్లా జడ్జి స్థాయి మనిషి పక్కన కూర్చున్నాడు. తమ ఊర్లో, తమ చెట్టు కింద, తమ మాటల్లో ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక్కొక్కరే లేచి చెప్పారు. పన్నెండుకి పన్నెండు ఊళ్లు వద్దన్నాయి. ఆ కొండ మీద జనం నెల రోజుల్లో మారిపోయారా? లేదు. వాళ్ల ఊరికి వచ్చి, వాళ్ల భాషలో అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకునే మనిషి ఒకడు మొదటిసారి దొరికాడు. మాట్లాడరు అన్న జనం మాట్లాడటానికి కావలసింది అంతే.

ఇంత రాశాక మన గురించి కూడా ఒక మాట రాయకపోతే తప్పవుతుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం జరుగుతోంది? ఒక అన్న రాత్రి పదకొండుకి తీర్మానం పెడతాడు. పొద్దున్నే "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఫైనల్" అంటాడు. నెట్ లేని గూడెంలో ఉన్నవాడు సంత రోజు సిగ్నల్ దొరికినప్పుడు చూసేసరికి వాడి పేరు కింద సంతకం ఉంటుంది. మా ఊరి రిజిస్టర్ రాసిన సారుకీ ఈ అన్నకీ తేడా ఏమిటి? ఆడవాళ్ల విషయం అయితే ఇంకా ఘోరం. మన మీటింగుల్లో వెనక వరసలో కూర్చుని, టీ పెట్టి, చివర్లో ఫోటోకి నిలబడతారు. వాళ్లు మాట్లాడరు అని మనమే అంటాం, అచ్చం రిపోర్టు రాసినవాళ్లలాగే. అటవీహక్కుల నిబంధనలు, 2012 సవరణ తర్వాత, గ్రామసభకి సభ్యుల్లో కనీసం సగం మంది రావాలంటాయి, వచ్చినవాళ్లలో కనీసం మూడోవంతు ఆడవాళ్లు ఉండాలంటాయి. హక్కుల తీర్మానం నెగ్గాలంటే హాజరై ఓటేసినవాళ్లలో మెజారిటీ కావాలి. ఓటేసినవాళ్లు అన్న మాట గమనించండి. ఊరుకున్నవాళ్లని ఎటూ లెక్కవేయమని ఎక్కడా లేదు.

అందుకే గ్రామసభకి పోయే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి చెప్పేది ఇది. హాజరు సంతకం వేరే కాగితం మీద, తీర్మానం సంతకం వేరే కాగితం మీద ఉండేట్టు పట్టుబట్టండి. ఒకే రిజిస్టర్ అయితే వేలిముద్ర పక్కన "హాజరు మాత్రమే" అని రాయించండి. అభ్యంతరం ఉందా అని అడిగితే, ముందు ఒప్పుకున్నవాళ్లు ఎవరో చేతులెత్తమని చెప్పి ఆ లెక్క రాయమనండి. మాట్లాడుకోవడానికి టైం కావాలంటే, "ఈ రోజు నిర్ణయం కాలేదు, ఫలానా రోజు మళ్లీ కూర్చుంటాం" అనే వాక్యాన్ని మినిట్స్‌లో ఎక్కించండి. మౌనాన్ని కూడా అక్షరాల్లో పెట్టొచ్చు. వెళ్లేముందు పేజీ ఫోటో తీసుకోండి.

తమ్ముడికి నిన్న మళ్లీ ఫోన్ చేసి ఇదంతా చెప్పా. వాడు విని, "అన్నా, అక్కడ నేను మాట్లాడకపోవడానికి కారణం వేరే. మొదటి వారం నేను ఏదో అంటే నా యాస విని నవ్వారు" అన్నాడు. ఆ సంగతి వాళ్లిచ్చిన కాగితంలో లేదు.

మా ఊర్లో మొన్న మళ్లీ గ్రామసభ జరిగింది. సారు మారాడు, రిజిస్టర్ అదే. చదవడం అయ్యాక అభ్యంతరం ఉందా అన్నాడు. ఎప్పట్లా కాసేపు ఎవరూ పలకలేదు. ఆయన పెన్ను తీశాడు. మా పెద్దమ్మ లేచి, "బాబూ, నువ్వు రాసేది ముందు మాకు చదివి వినిపించి ఆ తర్వాత రాయి" అంది. ఆయన రిజిస్టర్ కింద నుంచి ఒక కాగితం బయటికి తీశాడు. తీర్మానం ముందు రోజే టైపు చేసి తెచ్చుకున్నాడట. వచ్చినవాళ్ల సంఖ్య కూడా అందులోనే ఉంది.